పాత పారా జారిపోతోందంటే: ఆన్‌లైన్ హిఫ్జ్‌లో సబఖ్, సబ్ఖీ, మంజిల్ నడిపే పద్ధతి

వ అలైకుముస్సలామ్ సోదరీ.

మీ ప్రశ్నను ముందుగా రెండు ముక్కల్లో చెబుతాను, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థమవుతుంది. మీరు డాలస్‌లో ఉంటారు. అబ్బాయికి 11 ఏళ్లు, నాజిరా (ఖుర్ఆన్‌ను చూసి చదవడం) పూర్తయింది. హైదరాబాద్ ఉస్తాద్ (గురువు) దగ్గర వారానికి ఐదు రోజులు, రోజూ 40 నిమిషాలు ఆన్‌లైన్‌లో హిఫ్జ్ (ఖుర్ఆన్ కంఠస్థం) చేస్తున్నాడు. ఐదు నెలల్లో 30వ పారా, 1, 2 పారాలు అయ్యాయి (ఖుర్ఆన్ ముప్పై భాగాల్లో ఒక్కోటి పారా). ఇప్పుడు 3వ పారా నడుస్తుంటే మొదటి పారా సగానికి సగం పోయింది. ఉస్తాద్‌ను మార్చాలా, పిల్లవాడికి జ్ఞాపకశక్తి తక్కువా అని అడిగారు.

ఐదు నెలల్లో అరవైకి పైగా పేజీలు పట్టిన పిల్లవాడికి జ్ఞాపకశక్తి తక్కువ అనడం అన్యాయం. ఉస్తాద్‌ను మార్చినా ఇదే జరుగుతుంది. మీరు రాసిన వివరాల్లోనే అసలు కారణం ఉంది: 40 నిమిషాల్లో 25 నిమిషాలు కొత్త సబఖ్‌కు, అంటే కొత్త పాఠానికి పోతున్నాయి, పది నిమిషాలు నిన్నటి పాఠానికి, "టైముంటే" పాత పారా. ఆ టైము ఏ రోజూ ఉండదు.

మదరసాలో హిఫ్జ్ పిల్లవాడి రోజు ఎలా గడుస్తుందో చూడండి. ఫజ్ర్ (తెల్లవారుజాము నమాజు) తర్వాత కొత్త సబఖ్ అప్పజెబుతాడు. పొద్దెక్కాక సబ్ఖీ, అంటే ఇటీవలి పాఠాలు. మధ్యాహ్నం మంజిల్, అంటే పాత పారాలు (కొందరు ఆమూఖ్తా అంటారు). మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) తర్వాత రేపటి సబఖ్ తయారీ. రోజులో ఆరేడు గంటలు అతని నోట్లో ఖుర్ఆన్ ఆడుతూనే ఉంటుంది. అందులో ఉస్తాద్ ఎదుట మోకాళ్ల మీద కూర్చునేది ఇరవై, ముప్పై నిమిషాలకు మించదు. మిగతా సమయమంతా పక్కవాడికి వినిపించడం, పక్కవాడిది వినడం, అదే దౌర్. ఆన్‌లైన్ క్లాసులో మనకు దక్కేది ఆ ఉస్తాద్ ఎదుటి ముప్పై నిమిషాలే. దౌర్ ఇంట్లో మీరు కట్టుకోవాలి. అది కట్టకుండా ఎంత గొప్ప ఖారీని పెట్టినా పాత పారా నిలవదు. కట్టు తెంచుకున్న ఒంటె కన్నా వేగంగా ఖుర్ఆన్ జారిపోతుంది, దాన్ని చూసుకుంటూ ఉండండి అని ప్రవక్త (స) హెచ్చరించిన హదీసు బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. ఆయన కూడా ప్రతి రంజాన్‌లో జిబ్రీల్ (అ)తో ఖుర్ఆన్ దౌర్ చేసేవారు, చివరి ఏడాది రెండుసార్లు చేశారు. మళ్లీ వినిపించడం బలహీనుల కోసం పెట్టిన మందు అని పిల్లవాడు అనుకోకూడదు.

ముందు మరమ్మతు. మూడు వారాలు కొత్త సబఖ్ ఆపేయండి. ఇది శిక్షలా అనిపించకుండా ఉస్తాద్ నోటే చెప్పించండి. మదీనా ముస్హఫ్‌లో (మదీనా ఖుర్ఆన్ ప్రతిలో) మొదటి పారా 21 పేజీలు. రోజుకు మూడు పేజీల చొప్పున ఏడు క్లాసులు. రెండో పారా 20 పేజీలు, ఇంకా తాజాగా ఉంటుంది కాబట్టి రోజుకు నాలుగు పేజీలు, ఐదు క్లాసులు. 30వ పారాకు రెండు. మొత్తం 14 క్లాసులు, పదిహేనో రోజు పరీక్ష. మరమ్మతు అంటే పేజీని మళ్లీ మొదటి నుంచి బట్టీ పట్టడం కాదు. చూడకుండా చదివించి, ఎక్కడ ఆగాడో అక్కడ పెన్సిల్ గుర్తు పెట్టి, ఆ ఆయత్‌ను (ఖుర్ఆన్ వాక్యాన్ని) దాని ముందు ఆయత్ చివరి మూడు నాలుగు మాటలతో కలిపి పదిసార్లు చదివించాలి. సాధారణంగా ఊడిపోయేది ఆయత్ లోపల కాదు, ఆయత్‌కూ ఆయత్‌కూ మధ్య, పేజీకీ పేజీకీ మధ్య. పేజీ చివరి ఆయత్ నోట్లో ఉండగానే తిప్పిన పేజీ మొదటి మాట రావాలి.

మొదటి పారాలో ప్రత్యేకంగా రెండు చోట్ల చూడండి. మీవాడు అక్కడే దారి తప్పుతున్నాడని నా అంచనా. అల్ బఖరా సూరా (అధ్యాయం) 47, 122 ఆయతులు అక్షరం తేడా లేకుండా ఒకటే, రెండూ బనీ ఇస్రాయీల్‌ను (ఇస్రాయీల్ సంతతిని) పిలిచేవే. వాటి తర్వాతి 48, 123 కూడా ఒకేలా మొదలవుతాయి. 48లో షఫాఅత్ (సిఫారసు) మాట ముందు, అద్ల్ (పరిహారం) తర్వాత. 123లో అద్ల్ ముందు, షఫాఅత్ తర్వాత. 48 తర్వాత ఫిర్ఔన్ నుంచి విడుదల వస్తుంది, 123 తర్వాత ఇబ్రాహీమ్ (అ) పరీక్ష వస్తుంది. మదీనా ముస్హఫ్‌లో మొదటిది 7వ పేజీ అట్టడుగున, రెండోది 19వ పేజీ మధ్యలో. పిల్లవాడు 7వ పేజీలో మొదలుపెట్టి తెలియకుండానే 12 పేజీలు దూకేస్తాడు. వినేవాళ్లు ముస్హఫ్ చూడకపోతే, ఎక్కడా ఆగలేదు కాబట్టి బాగా చదివాడనే అనుకుంటారు. రెండో చోటు 134, 141. ఇవి కూడా పూర్తిగా ఒకటే. పైగా రెండూ పేజీ చివరి ఆయతులు, ఒకటి 20వ పేజీకి, ఒకటి 21వ పేజీకి. 134 చదవగానే పారా అయిపోయినట్టు తోచి నేరుగా రెండో పారాలోకి పోతారు, మధ్యలో ఒక పేజీ మాయం. వీటిని ముతషాబిహాత్ అంటారు. చిన్న నోటుపుస్తకంలో ఎడమ పేజీలో ఒకటి, కుడి పేజీలో ఒకటి రాయించి, తేడా ఉన్న మాట కింద మాత్రమే గీత గీయించండి. గీత ఎక్కువ మాటల కింద పడితే పని చేయదు.

అర్థం తెలిస్తే ఇక్కడ సగం పని తేలిక. ముందుముందు వచ్చే ఉదాహరణ ఒకటి: పేదరికం వల్ల పిల్లల్ని చంపవద్దన్న ఆజ్ఞ అల్ అన్ఆమ్ 151లో ఉంది, బనీ ఇస్రాయీల్ సూరా 31లోనూ ఉంది. మొదటిచోట "మీకూ వాళ్లకూ ఉపాధినిచ్చేది మేమే" అని, రెండోచోట "వాళ్లకూ మీకూ" అని. మొదటిది ఇప్పటికే పేదరికంలో ఉన్న తల్లిదండ్రులతో మాట, కాబట్టి "మీకు" ముందు. రెండోది పిల్లలు పుడితే పేదరికం వస్తుందేమో అన్న భయం గురించి, కాబట్టి "వాళ్లకు" ముందు. తెలుగు అనువాదంలో ఒక్కసారి చదివి వినిపించిన పిల్లవాడు ఈ రెండిట్లో మళ్లీ తడబడడు. అందుకే సబఖ్‌లో ఏముందో రెండు నిమిషాలు తెలుగులో చెప్పడం టైము వృథా అనుకోవద్దు. సహాబాలు పది ఆయతులు నేర్చి, వాటిలోని విషయం తెలుసుకుని ఆచరించాకే ముందుకు వెళ్లేవారని వచ్చిన మాట ఉస్తాద్‌లందరికీ తెలుసు.

మరమ్మతు తర్వాత క్లాసును తలకిందులు చేయండి. పాతది ముందు, కొత్తది చివర. మొదటి 18 నిమిషాలు మంజిల్, అర పారా, హదర్ (త్వరగా చదివే) వేగంలో. (హదర్‌లో చదివే పిల్లవాడికి పూర్తి పారాకు అరగంట అటూ ఇటూ పడుతుంది.) తర్వాతి పది నిమిషాలు సబ్ఖీ, చివరి పది పాఠాలు, సుమారు ఐదు పేజీలు. ఐదు నిమిషాలు ఆ రోజు సబఖ్. మిగిలిన ఏడు నిమిషాల్లో రేపటి సబఖ్‌ను చూసి చదివి ఉస్తాద్‌కు వినిపించాలి. ఈ ఏడు నిమిషాలను చాలామంది ఎగరగొడతారు, అదే పెద్ద నష్టం. ఉస్తాద్ నోట విని, ఆయనకు వినిపించి, తప్పు దిద్దుకున్నాకే కంఠస్థం మొదలుపెట్టాలి. దీన్నే తలఖ్ఖీ అంటారు. తప్పుగా పట్టిన ఒక జబర్‌ను ("అ" అచ్చు గుర్తును) తర్వాత విడిపించడం కొత్తగా పేజీ పట్టడం కన్నా కష్టం.

మంజిల్‌లో తప్పులెక్కువైతే ఆ రోజు సబఖ్ ఉండదు. ఈ నియమం ఉస్తాద్‌తో ముందే ఖాయం చేసుకోండి. ఉస్తాద్ చెప్పాల్సి వచ్చినది గల్తీ, ఆగి తానే అందుకున్నది అటకన్. సబఖ్‌లో గల్తీ ఒక్కటీ ఉండకూడదు, అటకన్ రెండు దాకా ఫరవాలేదు. అర పారా మంజిల్‌లో రెండు గల్తీలు దాటితే కొత్తది ఆపాలి. మదరసాను బట్టి ఈ అంకెలు కొంచెం మారతాయి. మీరేది పెట్టుకున్నా మొహమాటానికి సడలించకండి.

ఇంట్లో దౌర్: మీకు నాజిరా వచ్చు అన్నారు, అది చాలు. రోజూ అర పారా మీరు ముస్హఫ్ పట్టుకుని వినాలి. క్లాసులో అర, ఇంట్లో అర, రోజుకు ఒక పారా. ఇప్పుడున్న మూడు పారాలూ మూడు రోజులకోసారి తిరుగుతాయి. పది పారాలయ్యాక ఇంట్లో ఒకటి, క్లాసులో అర, వారంలో చుట్టు పూర్తి. ఇరవై అయ్యాక ఇంట్లో రెండు. లెక్క ఎలా వేసుకున్నా, పట్టిన ఏ పేజీ అయినా ఎనిమిది రోజులకు మించి నోటికి దూరంగా ఉండకూడదు. 30 పూర్తయ్యాక ముస్హఫ్‌ను ఏడు మంజిళ్లుగా, అంటే ఫాతిహా, మాయిదా, యూనుస్, బనీ ఇస్రాయీల్, షుఅరా, వస్సాఫ్ఫాత్, ఖాఫ్ సూరాలతో మొదలయ్యే ఏడు భాగాలుగా విడదీసి వారంలో ముగించే పాత అలవాటు ఉంది. అక్కడిదాకా చేరడానికి ఈ ఎనిమిది రోజుల లెక్క దారి.

మీరు వినేటప్పుడు తప్పు దొర్లగానే మాట అందించేయకండి. తల్లులు ప్రేమకొద్దీ చేసే పొరపాటు ఇదే. ఆపండి, ఐదు సెకన్లు ఆగండి, ఆయత్ మొదటికి వెళ్లమనండి. అప్పటికీ రాకపోతే ఒక్క మాట ఇచ్చి అక్కడ గుర్తు పెట్టండి, పక్కన తేదీ రాయండి. ఒకేచోట మూడు తేదీలు పడితే అది మామూలు మరపు కాదు. తప్పుగా పట్టాడన్న మాట. ఉస్తాద్‌కు ఆ గుర్తు చూపించాలి.

కొత్త సబఖ్ పట్టే తీరు గురించి కూడా అడిగారు. మీకు క్లాసు రాత్రి కాబట్టి పట్టడం ఫజ్ర్ తర్వాత, బడికి ముందు 25 నిమిషాలు పెట్టండి. అర పేజీ, ఏడెనిమిది పంక్తులు. ముందు షేఖ్ మహ్మూద్ ఖలీల్ అల్ హుసరీ తిలావత్‌లో ఆ ముక్క మూడుసార్లు వినాలి. ఆయన నిదానం, అక్షరాల స్పష్టత పిల్లలకు సరిగ్గా సరిపోతాయి. తర్వాత వేలు పెట్టి చూస్తూ పదిసార్లు. ఆపైన ఒక్కో ఆయత్ ఐదుసార్లు చూస్తూ, ఐదుసార్లు చూడకుండా. రెండో ఆయత్ వచ్చాక ఒకటి, రెండు కలిపి, మూడోది వచ్చాక మూడూ కలిపి. చివర మొత్తం మూడుసార్లు తప్పు లేకుండా. బడి నుంచి వచ్చాక, అసర్ (సాయంత్రం నమాజు) దగ్గర, చూడకుండా ఒకసారి. అప్పుడు ఏది పోయిందో తెలుస్తుంది, దానికి పావుగంట. ఆ సబఖ్‌నే ఆ రోజు సున్నత్, నఫిల్ రకాతుల్లో (నమాజులో ఫర్జ్ కాని భాగాల్లో) చదవమనండి. నమాజులో ఎదుట ముస్హఫ్ ఉండదు, అందించేవారు ఉండరు, పట్టు ఎంతో అక్కడ తేలుతుంది.

వారానికోసారి, ఆ వారం సబఖ్‌లోంచి ఐదు పంక్తులు చూడకుండా బోర్డు మీద రాయించండి. మారిటానియాలోని మహ్జరాల్లో (సంప్రదాయ ధార్మిక బడుల్లో) ఇప్పటికీ చెక్క పలక మీద సిరాతో రాసి, వచ్చాకే కడుగుతారు. నోరు దాచిపెట్టే తప్పులు చెయ్యి బయటపెడుతుంది, ముఖ్యంగా దీర్ఘాలూ, దగ్గరి ఉచ్చారణల అక్షరాలూ.

అక్షరాల మాట వచ్చింది కాబట్టి తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. తెలుగు లిపిలో రాసుకున్న సూరాలతో హిఫ్జ్ చేయించకండి. ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషా కుటుంబాల్లోనూ, ఉర్దూ చదవడం రాని మిగతావారిలోనూ ఈ అలవాటు చాలా ఉంది. నమాజుకు తక్షణ అవసరంగా మొదలై అలాగే ఉండిపోతుంది. అరబీలో వేర్వేరుగా పలికే ఐదు అక్షరాలు మన "జ" ఒక్కదానిలో పడిపోతాయి. మూడు "స"లో పడతాయి, రెండు "హ"లో. గొంతులోంచి వచ్చే ఐన్ మామూలు "అ" అయిపోతుంది. ఖల్బ్ అంటే హృదయం, కల్బ్ అంటే కుక్క. లిపిలో ఆ వత్తు పోతే చాలు, అర్థం ఎక్కడికి పోయిందో చూడండి. నూరానీ ఖాయిదాతో (అరబీ అక్షరాలు నేర్పే తొలి పుస్తకంతో) మఖారిజ్, అంటే అక్షరాలు పుట్టే చోట్లు, సరిచేసుకున్నాకే హిఫ్జ్. రెండో ఇబ్బంది మన నాలుకది. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కనుక, ఆగినచోట మనకు తెలియకుండా "ఉ" చేరుతుంది. అహద్ కాస్తా అహదు, ఫలఖ్ కాస్తా ఫలఖు. ఖల్ఖలా అంటే అక్షరాన్ని కొట్టి వదలడమే, అక్కడ అచ్చు పుట్టకూడదు. మనకు కలిసొచ్చేదీ ఒకటి ఉంది: హ్రస్వదీర్ఘాల తేడా మనకు పుట్టుకతో వస్తుంది, రెండు హర్కతుల (హ్రస్వం పలికేంత వ్యవధి ఒక హర్కత్) మద్, అంటే సాగదీత, మన దీర్ఘమే. నాలుగైదు హర్కతులవీ, ఆరువీ మాత్రం ఉస్తాద్ దగ్గర వేళ్లు ముడిచి లెక్కపెట్టి నేర్చుకోవాలి.

ఆన్‌లైన్‌లో ఇదంతా వినిపించాలంటే మైకు బాగుండాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో మైకు వాడగానే చాలావాటిలో శబ్దం నాణ్యత ఫోన్‌కాల్ స్థాయికి పడిపోతుంది. సీన్, సాద్ ఒకేలా వినిపిస్తాయి. వైరున్న ఇయర్‌ఫోన్ కొనండి. జూమ్‌లో నాయిస్ తగ్గించే సెట్టింగు ఊపిరితో పలికే హా అక్షరాలను శబ్దకాలుష్యం అనుకుని కోసేస్తుంది. "ఒరిజినల్ సౌండ్" పెట్టి, గదిలో ఫ్యాన్ ఆపండి. అయినా నెట్ మీద కొంత పోతుంది. అందుకని వారానికి ఒక పేజీ ఫోన్ రికార్డర్‌లో రికార్డు చేసి ఉస్తాద్‌కు పంపండి, మఖారిజ్ ఆయన అందులో సరిగ్గా వింటారు. మాట చేరడానికి అర సెకను, సెకను ఆలస్యం ఉంటుంది కాబట్టి ఉస్తాద్ ఆపేలోగా పిల్లవాడు రెండు మాటలు దాటిపోతాడు, ఏ మాట తప్పో తెలియక తికమక. బల్ల మీద ఒక్కసారి కొడితే ఆయత్ మొదటికి రావాలి అని ఇద్దరూ ఒప్పందం పెట్టుకుంటే ఈ చిక్కు తీరుతుంది.

కెమెరా ముఖానికి దగ్గరగా వద్దు. మీటరు దూరంలో, కాస్త పక్కగా పెట్టండి. చేతులు, కళ్లు, మూసిన ముస్హఫ్ మూడూ కనబడాలి. మదరసాలో పిల్లవాడు ముస్హఫ్‌ను ఉస్తాద్ చేతికిచ్చి కూర్చుంటాడు, దానికి బదులు ఇది. తెర మీద పేజీ తెరిచి ఉంటే ఎంత నిజాయితీపరుడి కన్నైనా అటు పోతుంది. క్లాసు హాల్లోనే జరగాలి, తలుపు మూసిన గదిలో వద్దు. గొంతు గుర్తుపట్టి తప్పు చూపే యాప్‌లు ఇంటి దౌర్‌కు పనికొస్తాయి, మీకు వీలుకాని రోజు వాడండి. మాట వదిలేస్తే పట్టుకుంటాయి. తజ్వీద్ (ఉచ్చారణ నియమాలు) విషయంలో వాటి మాట మీద ఆధారపడకండి.

ముస్హఫ్ ఒక్కటే ఉండాలి, చివరిదాకా అదే. డాలస్ మస్జిదుల్లో దొరికేది ఎక్కువగా 604 పేజీల, పేజీకి 15 పంక్తుల మదీనా ప్రతి, ఉస్మాన్ తాహా దస్తూరీది. హైదరాబాద్ ఉస్తాద్‌ల చేతిలో ఉండేది ఎక్కువగా మన దేశపు హాఫిజీ ప్రతి. పేజీలు కలవవు, వఖ్ఫ్ (ఆగే చోటు) గుర్తులు కలవవు, "పేజీ పైన మూడో పంక్తి" అన్న మాట ఇద్దరికీ రెండు చోట్లు చూపిస్తుంది. మీవాడు మూడు పారాలు మదీనా ప్రతిలో పట్టాడు కనుక ఉస్తాద్‌కే ఒక మదీనా ప్రతి పంపించండి. ఫోన్‌లో చదవాల్సి వస్తే అదే పేజీ బొమ్మలా కనిపించే పద్ధతి పెట్టండి, ఆయత్ కింద ఆయత్ జారే పద్ధతి వద్దు. జ్ఞాపకంలో ఆయత్‌కు ఒక చోటు ఉంటుంది, జారే తెర మీద ఆ చోటు లేదు.

వేళలు: హైదరాబాద్‌లో ఉదయం 6:30 అంటే మీకు ముందురోజు రాత్రి 8, నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా రాత్రి 7. ఇండియాలో గడియారం మారదు. ఉస్తాద్‌కు వారం ముందే చెప్పకపోతే ఏటా రెండుసార్లు క్లాసులు పోతాయి. ఆయన జుమా (శుక్రవారం) సెలవు మీకు గురువారం రాత్రి పడుతుంది. ఆది, సోమ, మంగళ, బుధ, శుక్రవారాల రాత్రులు క్లాసు, శనివారం ఇంట్లో ఒక పారా ఒకే బైఠక్‌లో పరీక్ష అని పెట్టుకుంటే కుదురుతుంది. రంజాన్‌లో ఉస్తాద్ తరావీహ్ (రాత్రి ప్రత్యేక నమాజు) చదివిస్తుంటే ఉదయాలు ఆయనకు కష్టం. ఆ నెల కొత్తది ఆపి మంజిలే చేయండి.

ఎప్పటికి పూర్తవుతుంది అని అడిగారు. వారానికి ఐదు రోజులు, రోజుకు అర పేజీ అయితే 604 పేజీలకు సుమారు 242 వారాలు, అంటే నాలుగేళ్ల ఎనిమిది నెలలు. ఇప్పటికే అయిన మూడు పారాలు తీసేసి, సబఖ్ ఆపే రోజులు, రంజాన్ నెలలు కలిపితే ఇంకో ఐదేళ్లు అనుకోండి. రెండేళ్లలో హాఫిజ్ అని చెప్పే ఆన్‌లైన్ కోర్సుల్లో రోజుకు పేజీకి పైగా పట్టాలి, బడికి వెళ్లే పిల్లవాడికి మంజిల్‌తో కలిపి అది రోజుకు మూడు నాలుగు గంటలు. మీ ఇంట్లో అంత వేళ లేదు, కాబట్టి ఐదేళ్ల లెక్కే పెట్టుకోండి. పూర్తయ్యాక సనద్ (గురువు ఇచ్చే ధ్రువపత్రం) కావాలంటే 30 పారాలూ చూడకుండా, అస్సలు వదలకుండా ఒకే షేఖ్‌కు వినిపించాలి. కొన్ని సూరాలు విని సర్టిఫికెట్ ఇచ్చేచోట అడిగి తెలుసుకుని చేరండి.

ఈ వారం ఒక్క పని చేయండి. శనివారం మొదటి పారాను ముస్హఫ్ చూస్తూ మీరే వినండి, గుర్తులు పెట్టండి, ముఖ్యంగా 7, 19, 20, 21 పేజీల్లో. ఆ పేజీల ఫొటోలు ఆదివారం క్లాసుకు ముందు ఉస్తాద్‌కు పంపండి. మూడు వారాల మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకు ఆ గుర్తులే చెబుతాయి.